కానుగ నూనె ఇంజను, తొంభై ఎనిమిది డిగ్రీలు

2022 మే 8, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. పడమటి గాలి సన్నగా వీస్తోంది. ఇంటి నుంచి బయలుదేరేముందు వరండాలో చూసుకున్న ఉష్ణమాపకం ముప్పై ఏడు చూపింది. పావగడ తాలూకాలోని తిరుమణి దగ్గర సౌరఫలకాల మధ్య వేసిన తిన్నని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. బెంగళూరు నుంచి వచ్చిన కొందరు ఇంజనీర్లు తాము తయారుచేసిన పందెపు కారును అక్కడ పరీక్షిస్తున్నారు. అది బ్యాటరీతో నడిచేది. నా ముందు నుంచి దూసుకుపోయినప్పుడు టైర్ల కింద గులకరాళ్లు చిటపటలాడిన సవ్వడి తప్ప మరేమీ వినిపించలేదు. పొగ లేదు, వాసన లేదు. వాసన ఉండవలసిన ఆ ఖాళీలోకి ముప్పై ఏళ్లనాటి చేదు వాసన ఒకటి నెమ్మదిగా వచ్చి నిలిచింది. వేడెక్కిన కానుగ నూనె వాసన. దాని వెనకే వీరాచారి గారు వచ్చారు.

వీరాచారి గారు పావగడలో హొసకోట రోడ్డు మీద, ఒక రేకుల షెడ్డులో, బావుల దగ్గర నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లను బాగుచేసేవారు. 1991లో ఆయనకు యాభై మూడేళ్లు, నాకు ముప్పై మూడు. నేను తాలూకా కచేరీలో వానమాపకం చూసి రాసే గుమాస్తాను. వానలు లేని ఆ కాలంలో నా ఉద్యోగమంతా ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ఖాళీ గాజుగొట్టాన్ని కంటి ఎత్తున పట్టుకొని చూసి, పుస్తకంలో సున్న రాయడమే. కచేరీలో అందరూ నవ్వేవారు. ఆయన మాత్రం ఒకనాడు గేటు దగ్గర ఆగి చూసి, "సున్నని కూడా సూసి రాసేటోడివి నువ్వొగడివే కనపడితివి. సాయంత్రం నా షెడ్డుకు రాప్పా, నా ఇంజనుకు లెక్క రాసిపెడుదువు" అన్నారు. ఆ సాయంత్రం వెళ్లినవాడిని ఏడేళ్లు వెళ్తూనే ఉన్నాను.

వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయిన సంవత్సరాలవి. బావుల్లో నీళ్లు కిందికి పోయేకొద్దీ ఇంజన్లు ఎక్కువ డీజిలు తాగేవి. గల్ఫ్ యుద్ధం మొదలయ్యాక ఆ డీజిలు కోసం రైతులు క్యాన్లు పట్టుకొని వరుసల్లో నిలబడవలసి వచ్చింది. అంతటి కరువులోనూ గట్ల మీది కానుగ చెట్లు మాత్రం పచ్చగా ఉండేవి. వాటి గింజల నూనెను దీపాలకు తప్ప ఎవరూ వాడేవారు కాదు. వీరాచారి గారు పొగగొట్టానికి రాగి గొట్టాన్ని చుట్టి, అందులో ఆ నూనెను వేడిచేసి, పలచబరచి ఇంజనుకు పట్టించారు. మొదట డీజిలుతో నడిపించి, వేడెక్కాక చిన్న కొళాయి తిప్పి నూనెకు మారిస్తే చాలు.

"ఏం ఆచారీ, దీపానికి పోసే నూనె ఇంజనుకు పోస్తివి. రేపు దేవునికి డీజిలు పోస్తావా ఏంది?" అని నూనె మిల్లు శెట్టి గారు వెటకారం చేసేవారు.

"దేవునికి అంత అర్జెంటు లేదు శెట్టీ. నాకుండాది" అనేవారు ఈయన, చేతిలోని ఆకురాయి ఆపకుండానే.

ఆ అర్జెంటు ఏమిటో మధ్యాహ్నాల్లో తెలిసేది. రేకుల సందుల్లోంచి ఎండ సన్నని దారాలుగా దిగి, గాలిలో తేలే లోహపు పొడిని మెరిపిస్తూ ఉండేది. బోర్లించిన పీపా మీద కూర్చొని, కళ్లు సగం మూసి, ఎవరికో చెప్తున్నట్టు మాట్లాడేవారు. "ఇంజనంటే ఏందనుకుంటాండావు? ఎండనేనప్పా. చెట్టు ఎండను తాగి కాయలో దాస్తాది. మనం కాయను పిండి తీసుకుంటాం. నడాన ఇంత ఇనుము, ఇంత పొగ. ఒకనాడు ఎండ నేరుగా చక్రంలోకి దిగుతాది. మనం ఉండం. లెక్క ఉంటాది." నేను దాన్ని కల అనుకున్నాను. తేదీ మాత్రం రాసుకున్నాను.

సుదర్శన్ అనే ఆయనకు బెంగళూరులో ఒక పందెపు జట్టు ఉండేది. మట్టి దారుల్లో జరిగే పందేలకు జీపులు పంపేవారు. ఆయన జీపు మా ఊరి దగ్గర చెడిపోతే వీరాచారి గారు బాగుచేశారు. అప్పుడే కానుగ నూనెతో నడుస్తున్న ఇంజనును చూసి, సుదర్శన్ గారు చాలాసేపు దాని పక్కనే నిలబడిపోయారు. "నాకు ఇంజన్లు ఇచ్చేవాళ్లు ఇద్దరున్నారు ఆచారీ. డీజిలు ఇట్లా దొరక్కపోతే వాళ్లూ చేతులెత్తేస్తారు. నీ ఇంజను నా జీపులో బిగించి, హొసకోటకు రెండుసార్లు పోయి రా. రేడియేటరులో నీళ్ల వేడి తొంభై ఐదు దాటకూడదు. దాటకపోతే ఈసారి పందెంలో నీ ఇంజనే" అన్నారు.

ఆయన వెళ్లాక వీరాచారి గారు నాతో అన్నారు. "నా ఇంజను మంచిదని నేను చెప్తే రైతు నమ్మడు. పందెంలో దుమ్ము లేపి వస్తే నమ్ముతాడు. పందెంలో నిలిచినదాన్ని బావి కాడ వద్దనేవాడు ఎవడప్పా?"

1991 ఫిబ్రవరి 17న పరీక్ష జరిగింది. జీపును వీరాచారి గారే నడిపారు. వేడి చూపే సూదిని నా వైపు బిగించారు. ఒళ్లో ఇంజను లెక్కల పుస్తకం, చేతిలో పెన్సిలు. ఎండమావిలో రోడ్డు కరిగి మళ్లీ గట్టిపడుతున్నట్టు ఉండేది. గొర్రెల మంద ఒకటి అడ్డం వచ్చి, నీళ్లలో నడుస్తున్నట్టు మెల్లగా దాటింది. రెండోసారి తిరిగి వస్తుండగా, ఒక ఎగువ ఎక్కేటప్పుడు, సూది తొంభై ఐదు దాటింది. నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు తొంభై ఎనిమిది మీద నిలిచింది. యాభై సెకన్లు అక్కడే ఉండి కిందికి దిగింది.

"సూది ఎట్లుండాదప్పా?" అని అడిగారు, దారి మీంచి చూపు తిప్పకుండా. ఆ ముఖంలో అంతటి నిశ్చింతను నేను అంతకుముందు చూడలేదు.

"బాగుండాదన్నా" అన్నాను. పెన్సిలు తొంభై నాలుగు అని రాసింది.

షెడ్డు దగ్గర సుదర్శన్ గారు పుస్తకం చూసి ఆయనతో చేయి కలిపారు. మార్చి 10న పందెం. మేమిద్దరం గమ్యం దగ్గర నిలబడ్డాం. దుమ్ములోంచి ఒక్కొక్క జీపూ వస్తోంది. ప్రతి దుమ్ము మేఘంలోనూ ఆయన తన ఇంజను చప్పుడును వెతుక్కున్నారు. చివరకు మా జీపు ఒక ట్రాక్టరు వెనక తాడు కట్టుకొని వచ్చింది. ఎగువ ఎక్కేటప్పుడు నీళ్లు మరిగి గ్యాస్కెట్ కాలిపోయింది. "మనసులో పెట్టుకోకు ఆచారీ. పాతవాళ్ల దగ్గరికే పోతాను" అని సుదర్శన్ గారు మెల్లగా చెప్పి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

తొమ్మిది రోజులు నేను షెడ్డుకు వెళ్లలేదు. పదో రోజు వెళ్లి చెప్పాను. "అన్నా, ఆ పొద్దు సూది తొంభై ఎనిమిదికి పోయినాది. నేను తొంభై నాలుగని రాసినాను."

ఆకురాయి ఆగింది. "ఎంతసేపు?"

"యాభై సెకన్లు."

"యాడ?"

"రెండోసారి వచ్చేటప్పుడు, ఎగువలో."

వేళ్లతో ఏదో లెక్కపెట్టుకున్నారు. "రేడియేటరులో గొట్టాలు ఇంకొక వరస పెంచింటే సరిపోతాండె. రెండు దినాల పని. నాకు మూడు వారాలుండె." బయట ఎవరో సైకిలు దిగి, లోపలికి తొంగిచూసి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయారు. "నా మింద ప్రేమతో రాసినావు, నాకు తెలుసు. ఇంజనుకు తెల్దు కదప్పా" అన్నారు.

నేను రబ్బరు తీశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "చెరపొద్దు. ఒక గీత కొట్టు. కింద తొంభై నాలుగు కనపడాల. పక్కన తొంభై ఎనిమిది రాసి, ఈ దినం తేదీ ఏసి, సంతకం పెట్టు. మన వెనక వచ్చేటోడు ఈ లెక్క నమ్మి ఇంజను చేస్తాడు. మనం యాడ తప్పు చెప్పినామో అది కూడా వానికి కావాల." పెట్టాను. మరునాటి సాయంత్రం ఎప్పటిలాగే, "వచ్చితివా? కూచో" అన్నారు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

అప్పటినుంచి 2018లో పదవీ విరమణ చేసేదాకా, గాజుగొట్టంలో ఏముందో రెండుసార్లు చూడకుండా నేను ఒక్క అంకె రాయలేదు. ఎవరి మీదైనా ఇష్టం కలిగినప్పుడు మూడోసారి కూడా చూస్తాను.

వీరాచారి గారు 1998 జూన్‌లో పోయారు. ఆ నెలలోనే ఇంజను లెక్కల పుస్తకాన్ని మొదటి పుట నుంచి కూడి చూశాను. పరీక్షలు నూట పద్నాలుగు. పందెంలోకి వెళ్లిన ఇంజను ఒకటి. గమ్యం చేరినది లేదు. తొంభై ఎనిమిది డిగ్రీల లెక్క మీద, ఇంజనును చల్లబరిచే నీళ్ల తొట్టి పెంచి, బలసముద్రం నుంచి హొసకోట దాకా బావుల మీద బిగించిన కానుగ నూనె ఇంజన్లు పదకొండు. వాటిలో వేడెక్కి ఆగినది ఒక్కటీ లేదు. గీత కొట్టిన అంకె ఒకటి.