గంగ మగనాలి

మంగరాజు చెయ్యి లేచిందంటే ఎవరో ఒకరి మీద పడాల్సిందే. దొరికితే పెళ్లాం గంగ, దొరక్కపోతే ఆమె హోటల్లో పనిచేసేవాళ్లు. హుకుంపేట దాటాక ఘాట్ రోడ్డు మలుపులో గంగ పెట్టిన రేకుల హోటల్‌కి పట్టిన తెగులు ఇదొక్కటే. నాటుకోడి పులుసు కోసం, వెదురు కొమ్ముల కూర కోసం జనం కార్లు ఆపుకుని మరీ దిగేవాళ్లు. వండే మనుషులే నిలిచేవాళ్లు కాదు.

మనుషుల్ని నిలుపుకోవడం గంగకి తెలియక కాదు. పడుచుతనంలో ఆమె విశాఖలో ఒక హోటల్లో గిన్నెలు తోమింది. ప్లేటు పగిలిందని అక్కడి యజమాని కాలుతున్న అట్లకాడ తెచ్చి ఆమె ముంజేతికి ఆనించాడు. ఆ మచ్చ చూసుకుంటూనే సొంత హోటల్ పెట్టింది. బేరం మొదలవకముందే పనివాళ్లు తినెయ్యాలి, అది అక్కడి చట్టం. కారు దిగిన పెద్దమనుషులు విసుక్కుంటే, "వండినోల్ల కడుపు నిండనీ బాబూ, అప్పుడు నీ కడుపు సూత్తాను" అనేది. ఊళ్లన్నీ వేటకెళ్లే ఇటుకల పండగ వస్తే హోటల్‌కే తాళం. గిన్నెలు తోమే కృపావతికి ప్రతి ఆదివారం చర్చి సెలవు.

ఇన్ని చేసి ఏం లాభం? జీలుగు కల్లు తాగొచ్చి మంగరాజు ఒకర్ని చెంప పగలగొట్టేవాడు, ఇంకొకర్ని జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చేవాడు. మర్నాడు ఆ పిల్ల పనికి రాదు. ఇంటికెళ్లి అడిగితే వాచిన చెంప అటు తిప్పుకుని "సేలో పనుందక్కా" అంటుంది. గంగ కొత్త చీర పట్టుకెళ్లి, "తాగితేనే మీ బావ అలగ, నేకపోతే మంచోడే" అని బతిమాలేది. ఇక్కడే గంగ మీద ఒళ్లు మండుతుంది ఎవరికైనా. దెబ్బ తిన్నదానికి చీర దేనికమ్మా, రక్తం తుడుచుకోడానికా?

వంట చేసే సోని మాత్రం పనిలో చేరిన రోజునే తేల్చి చెప్పింది. "అక్కా, నామీద సెయ్యి పడితే నాను సీర తీసుకోను. పోతాను." సోని పోతే పొయ్యి ఆరినట్టే. అప్పటినుంచి మొగుడి అడుగుల చప్పుడు వినబడితే చాలు, గంగ వెళ్లి సోనికి అడ్డంగా నిలబడేది. ఆ దెబ్బలన్నీ తన వీపు మీదే కాసుకుంది.

ఒక మధ్యాహ్నం టూరిస్టు బస్సు వచ్చి ఆగింది. గంగ బయట బల్లలు సర్దుతోంది. మంగరాజు వెనక తలుపులోంచి దూరి గల్లాపెట్టె లాగబోయాడు. సోని పెట్టె మీద చెయ్యి పెట్టి, "అక్కని రానీ బావా" అంది. అంతే. పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి ఆ చేతి మీదే కొట్టాడు. నిప్పులు చెదిరాయి. కట్టె మళ్లీ లేచింది, మళ్లీ పడింది. కాలిన చర్మం కట్టెకి అంటుకుని ఊడొచ్చింది. సోని పెట్టిన కేకకి బస్సులో పసిపిల్లలు కూడా ఏడుపందుకున్నారు.

గంగ వచ్చేసరికి కట్టె మూడోసారి గాల్లో ఉంది. పులుసు కలిపే ఇనప గంటె ఆమె చేతికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మంగరాజు మణికట్టు మీద వేసింది. ఎముక ఫట్‌మంది. కట్టె జారిపోయింది. ఆమె ఆగలేదు. భుజం మీద, వీపు మీద, ఇన్నేళ్ల బాకీ అంతా తీర్చేసింది. మూతి పగిలి నెత్తురు కక్కుతున్నవాణ్ణి కాలర్ పట్టి ఈడ్చుకెళ్లి తారు రోడ్డు మీద పడేసింది. బస్సువాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. "భోజనాలు ఎంతసేపమ్మా?" అన్నాడు వాళ్లలో ఒక మహానుభావుడు. గంగ గంటె అతని వైపు తిప్పింది. బస్సు కదిలిపోయింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకున్నాక సోని అన్నట్టే తన ఊరు వెళ్లిపోయింది. కృపావతీ ఆమె వెంటే వెళ్లింది. గంగ ఒక్కతే చల్లారిన పొయ్యి ముందు కూర్చుని గుండెలు పగిలేలా ఏడ్చింది.

రెండు రోజులకి ఊరిని కాచే నిసాని దేవత రాళ్ల దగ్గర పెద్దలు కూర్చున్నారు. మంగరాజు చేతికి వెదురు బద్దలు కట్టుకుని వచ్చాడు. గంగ తెగేసి చెప్పింది. "ఈడితో ఇంక కాపరం సెయ్యను."

మంగరాజు నవ్వాడు. "సేత్తే సెయ్యి, మానితే మాను. నిన్ను తీసికెల్లేవోడు ఎవుడో సూపించు. ఆడు మగనాలి కడితే ఒగ్గేత్తాను. నేదా, నువ్వూ నీ హోటలూ నావే."

అక్కడి కట్టుబాటు అదే. పెళ్లాం మరొకడితో పోతే, ఆ ఏలుకునేవాడు పాత మొగుడికి మేకపోతు, సారా ఇచ్చి తప్పు కట్టాలి. దాన్నే మగనాలి అంటారు. అది ముడితే బంధం తెగుతుంది. గంగ వెనక ఏ మగాడూ లేడని మంగరాజుకి బాగా తెలుసు. కులపెద్ద బుధు గంగ వైపు చూశాడు.

"మేం కడతాం మగనాలి" అన్న గొంతు విని అందరూ తిరిగారు. సోని. ఒక చేతికి కట్టు, ఇంకో చేతిలో మేకపోతు పలుపు. పక్కన సారా క్యాను మోసుకుని కృపావతి. వాళ్ల వెనక, ఎప్పుడో మానేసిన పిల్లలు, చీరలు పుచ్చుకుని కూడా తిరిగిరానివాళ్లు.

మగాళ్లు పగలబడి నవ్వారు. మంగరాజు బూతు మాటంటూ ఎడమ చెయ్యెత్తి సోని మీదికి దూకాడు. బుధు చేతికర్ర అతని మోకాలి చిప్ప మీద పడింది. కుప్పకూలినవాణ్ణి ఎవరూ లేపలేదు.

"ఆడోల్లు ఆడదాన్ని ఏలుకోడమేటే గుంటా?" అన్నాడు బుధు.

"ఏలుకోడమంటే ఏటి పెద్దయ్యా? కూడెట్టడం, కొట్టకపోడం. కూడు ఈయమ్మే మాకెట్టింది. ఈయమ్మ మీద దెబ్బ పడకుండా మేం సూసుకుంటాం."

నవ్వులు ఆగిపోయాయి. బుధు లేచి మేక పలుపు అందుకుని మంగరాజు మంచి చేతిలో పెట్టాడు. "ముట్టింది. ఇయ్యాల్టినుంచి ఆ గడప తొక్కితే ఊరంతా కలిసి కొడతాది నిన్ను."

తిరిగొచ్చేటప్పుడు గంగ భయంభయంగానే అడిగింది. "రేపు పనికొత్తావేటి సోనీ?"

"పదిమందిలో ఏలుకుంటామన్నాక ఎక్కడికి పోతామక్కా?" అంది సోని. "బేగి నడు. పొద్దున్నుంచీ నువ్వేటీ తిననేదు."