శనివారం అరటిపండు

సిద్దిపేట బస్టాండు వెనుక గజేందర్ టిఫిన్ బండికి వచ్చేవాళ్లు దోసెకంటే ముందు సింహాన్ని అడుగుతారు. అడగరా మరి! టాంజానియాలో, అడవి జంతువుల పార్కు పక్కన గుడారాల లాడ్జిలో ఆరేళ్లు వంట చేసి వచ్చిన మనిషి. "సింహం సక్కగొచ్చి జీపు నీడల పండుకున్నది" అని చెబుతాడు. అది నిజమే. చెప్పనిది వేరే ఉంది.

లాడ్జి వంటింటి తలుపు మీద పెద్ద బోర్డు: జంతువులకు తిండి పెట్టరాదు. గజేందర్ రోజూ చూసేవాడు. కానీ ఒక శనివారం పొద్దున, పొట్టకు కరుచుకున్న పిల్లతో బబూన్ కోతి పెరట్లోకి వస్తే సిద్దిపేట పక్కన మిరుదొడ్డిలో పుట్టినవాడి చెయ్యి ఆగుతుందా? ఆంజనేయస్వామే వచ్చాడనుకుని అరటిపండు పెట్టి దండం పెట్టుకున్నాడు. పై శనివారం రెండు పెట్టాడు. ఆ తర్వాత వారం వర్జ్యం లేకుండా రోజూ పెట్టాడు.

చనువిస్తే చంకెక్కింది ఆ కోతి. మనిషి చేతిలో పండు కనిపిస్తే తనదే అనుకుంది. జీబ్రాలను చూడ్డానికి వచ్చిన ఒక ముసలావిడ గుడారం ముందు పండు తింటుంటే, లాక్కోబోయి చెయ్యి కొరికింది. మధ్యాహ్నానికి పార్కువాళ్లు వచ్చి దాన్ని తుపాకీతో కాల్చేశారు. తల్లి పడిపోయినా పిల్ల పొట్టను వదల్లేదు.

మేనేజరు వంటింటివాళ్లను నిలబెట్టి, పండ్లు పెట్టిందెవరని గద్దించాడు. పండ్ల గది తాళం గిన్నెలు తోమే జుమా దగ్గర ఉండేది. జుమా గజేందర్ వైపు చూశాడు. గజేందర్, ఛీ, నోరు విప్పలేదు. సాయంత్రానికి ఉద్యోగం ఊడి జుమా సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

పండ్లు పెట్టిన సంగతి తప్ప ఇంకేమీ తెలియని భార్య నవనీత మొన్న బండి దగ్గర పదిమందిలో గొప్పగా చెప్పింది: "మా ఆయన గాడ సుత కోతికి పండ్లు పెట్టిండు. గా పుణ్యమే మమ్ముల సల్లగ సూస్తున్నది."

గజేందర్‌కు తల కొట్టేసినట్టయింది. బండి కట్టేశాక ఆమెకు అంతా చెప్పి ఏడ్చాడు.

నవనీత విని, "నాకు చెప్తే ఏమొస్తది? గాయిన నంబరు లేదా నీ తాన?" అంది.

"ఉన్నది."

"మరి చెయ్యి."

చేశాడు. రెండో రింగుకే జుమా ఎత్తాడు. "గజేందర్ భాయ్!" అంటూ నవ్వాడు. ఒకప్పుడు తను గజేందర్‌కు నేర్పిన స్వాహిలీ భాషలోనే, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. బాగున్నామన్నాడు గజేందర్. నవనీత ఎదురుగా నిలబడి చూస్తూనే ఉంది.

"మీ దిక్కు వానలు పడ్డాయా?" అని అడిగాడు గజేందర్.