మూత ఎత్తిన ఆదివారం

శనివారమైతే చాలు, మొంబాసా హోటల్ గైడు ఫుమో పడవనిండా టూరిస్టుల్ని మా దీవిలో దింపి, నేరుగా మా పక్కింటి మ్వనకోంబో వంటింట్లోకి తోలుకొచ్చేవాడు. కొబ్బరన్నం మగ్గడానికి కుండ మూత మీద నిప్పులు పరిచి ఉన్నా సరే, ఎత్తి చూపించేవాడు. బూడిదంతా అన్నంలో పడేది. ఆవిడ తిడితే, "ఊరుకో పిన్నీ, చూడ్డానికేగా!" అని ఇకిలించేవాడు.

చూసీ చూసీ ఒక ఆదివారం ఆవిడ మా ఆడవాళ్లందర్నీ పడవెక్కించింది. తిన్నగా ఆ హోటల్ భోజనాల హాల్లోకి నడిచి, ఒక్కో గిన్నె మూతా ఎత్తుతూ, "రండర్రా, దొరలు ఏం మింగుతారో చూద్దురుగాని!" అని కేకేసింది.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఎవర్నడిగి లోపలికొచ్చారు? అతిథులు తింటున్నారు, కనపడ్డంలా?"

అతని వెనకే ఫుమో, మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. మ్వనకోంబో ఫుమో కేసే చూస్తూ ఇంకో మూత ఎత్తింది.

"ఊరుకో నాయనా, చూడ్డానికేగా!"