పక్కింటికి జావ
ఎండుచేపల వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. చిన్నప్పుడు మేమున్న జంగ్లీఘాట్‌లో పక్కింటి అప్పలమ్మ, ఆరబెట్టిన తన చేపల్ని మా అమ్మే దొంగిలించిందని వీధంతా వినేలా తిట్టింది. వాటిని పిల్లి తిన్నదని తెలిశాక కూడా తప్పయిందని అనలేదు.

ఆ వారమే ఆమెకు జ్వరమొచ్చింది. ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ జావ కాచింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

“అందరి ముందూ నిన్ను చోర్ అన్నాదమ్మా. ఆవిడికా జావ?”

“నాకూ కోపంగానే ఉందే. అది తగ్గేదాకా ఆవిడ ఆకలి ఆగుతాదేటి? కోపం లేనోళ్ళే ప్రేమించాలని ప్రభువు చెప్పనేదు. జరుగు.”

కోపంగా ఉందంటే నేను నమ్మలేదు. గిన్నె పట్టుకున్న చేతులు వణకడం చూసి, భయపడే వెళ్తోందనుకున్నాను. అది కోపపు వణుకని, ఆ చేతులతోనే ఆమెకు జావ తాగించిందని అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అప్పలమ్మను నేనైతే ఇంకా క్షమించలేదు.