మూడు తలుపులూ పట్టని అంబాసిడర్: మదనపల్లె నుంచి కుప్పం దాకా

మా అంబాసిడర్‌కు ఎడమవైపు వెనక తలుపు పట్టడం లేదు. చెప్పుకుంటే ఇంతే విషయం. దీని కోసం రెండు నెలల్లో నేను తిరగని షాపు లేదు, తిట్టని మనిషి లేడు. పాత తలుపు అడుగంతా తుప్పు తినేసి రేకు పొడిపొడిగా రాలిపోతుంటే తుక్కుకు వేసి, కొత్తగా తయారైనది ఒకటి తెప్పించాను. బిగించి చూస్తే పైన ఫ్రేము, రెండు తలుపుల నడుమ ఉండే స్తంభానికి తగులుతుంది, కింద వేలు దూరేంత సందు ఉంటుంది, లాకు దాని గాట్లో పడనే పడదు. కీళ్ల కింద వాషర్లు పెట్టాను, అంచును ఆకురాయితో అరగదీశాను, మోకాలు అడ్డం పెట్టి వంచాను కూడా. లాభం లేక దాన్ని పక్కన పడేసి ఇంకొకటి కొన్నాను. అదీ అదే కథ. ఇప్పుడు ఎవడూ కొలత పెట్టి చేయడం లేదు, అంతా మోసం అని ఊరంతా చెప్పుకు తిరిగాను.

ఈ బండి మా అమ్మది. నాన్న పోయాక వాయల్పాడు దగ్గరి మా చేనుకు ఎవరినీ బతిమాలకుండా తనే నేర్చుకుని నడుపుకుంటూ వెళ్లేది. ఆడమనిషి కారు నడుపుతోందని రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్లట. ఆమె పోయి ఆరేళ్లయింది. షెడ్డులో ఆ బండి కనిపిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది, దాచుకోవడానికేముంది. రిజిస్ట్రేషన్ గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. రెన్యువల్‌కు మొదటిసారి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ తలుపు లాగి చూసి, దారిలో తెరుచుకునే తలుపుతో పాస్ చేయడం కుదరదన్నాడు. న్యాయమే. రెండోసారికి సోమవారం స్లాటు దొరికింది. మా ఆవిడ శారద ఇంట్లో బట్టలు కుడుతుంది, షెడ్డు ఖాళీ అయితే మూడు మిషన్లు వేసుకోవాలని ఎప్పటి నుంచో అనుకుంటోంది. ఆమె ముందు రోషంగా ఒక మాట అనేశాను: ఈసారీ పోతే బండిని నేనే తుక్కుకు తోలేస్తానని. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. ఆమె మాత్రం తాపీగా, సరే అంది.

అందుకే శనివారం పొద్దున ఆరింటికి మదనపల్లె నుంచి బయలుదేరాం. కుప్పం దగ్గర బండ్ల రేకు పని చేసే మునిరత్నం అనే టింకర్ ఉన్నాడని, బెంగళూరు వాళ్లు కూడా పాత బండ్లు అతని దగ్గరికే తెస్తారని విన్నాను. దారి పుంగనూరు, పలమనేరు, వి.కోట, శాంతిపురం మీదుగా. నూట పది కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. మామూలు కారుకు మూడు గంటలు చాలు, మాకు భోజనం, బేరం, గొడవ అన్నీ కలిపి ఏడు గంటలు పట్టింది. పన్నెండు వందల పెట్రోలు పోయించాను. రెండో తలుపునే తగిలించి నైలాన్ తాడుతో కట్టాను గానీ గుంత వచ్చినప్పుడల్లా అది బయటికి తన్నుకొస్తోంది. చివరికి శారదే వెనక సీట్లో కూర్చుని తాడు చేతికి చుట్టుకుని పట్టుకుంది. అద్దంలో ఆమె ముఖం చూసే ధైర్యం లేక రోడ్డు వైపే చూస్తూ నడిపాను.

పుంగనూరులో ఏడింటికి టిఫిన్ చేశాం. ఇద్దరికీ ఇడ్లీ, దోసె కలిపి నూట ఇరవై. పాత సామాన్ల నాగరాజ షాపు తొమ్మిదింటికి గాని తీయడు, ముందే వెళ్లి లాభం లేదు. రెండో తలుపు నాకు అమ్మింది ఈయనే. ఫోన్లో నేను అరిచిన అరుపులకు, ఇలాంటిదే విప్పేసిన బండి నుంచి అసలు తలుపు ఒకటి తీసి నా కోసం ఉంచాడు. బండితోపాటు పుట్టిన తలుపు, దీనికి వంక పెట్టడానికి లేదు. రంగు వెలిసినా రేకు గట్టిగా ఉంది. ఇద్దరం పట్టుకుని కీళ్లకు తగిలించాం. నెట్టాను. పైన స్తంభానికి టక్కున తగిలి ఆగిపోయింది. కింద అదే సందు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇది కూడా ఎక్కడో గుద్దిన బండిదే తెచ్చి అంటగడుతున్నావని నాగరాజను బజార్లో నలుగురి ముందూ కడిగేశాను. ఆయన తలుపు అంచును చేత్తో ఒకసారి తడిమి చూసి నా వైపు తిరిగాడు.

"మూడు తలుపులూ ఒకే సోట తగలతాండాయి. తలుపుల్ని సూసింది సాలు, బండిని సూడుపో అప్పా."

బండికేమైంది, రాయిలాగా ఉంది, నేను దగ్గరుండి చేయించాను అన్నాను. ఆయన వాదించలేదు. రెండో తలుపు వెనక్కి తీసుకుని, పైన పదిహేను వందలు పుచ్చుకుని, మూడోది కుప్పంలో కూడా పట్టకపోతే తెచ్చేయమన్నాడు. దాన్నే మళ్లీ తాడుతో కట్టుకుని బయలుదేరాం. పుంగనూరు దాటాక, ఆయనను అన్ని మాటలు అని ఉండకూడదు అంది శారద. నేను గేరు మార్చాను.

పలమనేరు దాటాక దారి బాగుంటుంది. అటూ ఇటూ మల్బరీ తోటలు, మధ్యలో అడవి, ఏనుగులు దాటే చోటు అని బోర్డులు. పాత బండితో వెళ్లేవాళ్లు అక్కడ ఆగకుండా పోవడం మంచిది. ఎదురుగా గ్రానైట్ రాళ్ల లారీలు వస్తుంటాయి, వాటికి దారి ఇచ్చేటప్పుడు రోడ్డు దిగి దిగి నా తాడు రెండుసార్లు తెగింది. పన్నెండుకు వి.కోటలో ఒక మెస్సులో సంగటి, చెనిక్కాయల చట్నీ తిన్నాం, మనిషికి డెబ్బై. వడ్డించే ఆమె కిటికీలోంచి మా బండిని చూసి, పెళ్లికూతురి పెట్టె మాదిరి కట్టినారేమి అని నవ్వింది. శారద కూడా నవ్వింది. ఆరోజు ఆమె నవ్వడం అదే మొదలు. నేను ఇంకో ముద్ద వేయించుకున్నాను.

మునిరత్నం షెడ్డు శాంతిపురం దాటాక కుప్పం ఇంకా కొంచెం దూరం ఉందనగా రోడ్డు మీదే ఉంది. యాభై ఏళ్ల మనిషి. ముందు బెంగళూరులో ఇళ్లకు గ్రానైట్ బండలు పరిచే పని చేసేవాడట, నడుం పట్టేసి ఈ పనిలోకి వచ్చాడు. నేను తలుపుల చరిత్ర మొదటి నుంచి ఏకరువు పెట్టాను. సగంలోనే లేచి లోపలికి వెళ్లి సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తెచ్చాడు. బండలు పరిచేవాళ్లు మట్టం చూడడానికి నీళ్లు నింపి వాడతారే, అది. బండిని జాకీల మీద ఎత్తి, తలుపుల కింద పొడుగునా ఉండే ఇనుప బీము రెండు చివర్లూ ఒకే ఎత్తులో నిలబెట్టాడు. కుడివైపు ముందు, నడుమ, వెనక ట్యూబు ఆనించి నీళ్ల గీత ఉన్నచోట సుద్దముక్కతో గీతలు పెట్టాడు. మూడూ ఒక్క వరుసలో ఉన్నాయి. ఎడమవైపు వచ్చాడు. చివర్లు సరిగ్గానే ఉన్నాయి. నడుమ, ఆ స్తంభం కింద, బీము నీళ్ల గీతకు అర అంగుళం కిందికి దిగి ఉంది.

కళ్లెదురుగా నీళ్లు చూపిస్తుంటే ఇంకేం మాట్లాడతాం. నడుమ కుంగింది కాబట్టి స్తంభం ఒరిగింది, స్తంభం ఒరిగింది కాబట్టి ఏ తలుపు తెచ్చినా పైన తగులుతుంది. ముందు తలుపు బాదితే గాని పడేది కాదు, అదీ ఇందుకేనని నాకు తట్టలేదు. కొత్త తలుపులు కూడా ఒకటీ అరా తేడాగానే ఉండి ఉంటాయి, అది అరగదీస్తే పోయే తేడా. ఇది వేరు.

"ఈ బీము కొత్తది. ఎవురు అతికించింది, యాల తలుపుల్లేకుండా అతికించినారు?" అని అడిగాడు మునిరత్నం.

చెప్పక తప్పలేదు. ఎడమవైపు బీము తుప్పు పట్టి కొత్తది వేయాల్సి వచ్చినప్పుడు మదనపల్లె వెల్డర్ నాకు చెప్పాడు, తలుపులు రానియ్యండి సార్, తగిలించుకుని అతికిద్దాం అని. తలుపు రావడానికి పది రోజులు పడుతుందన్నారు. ఇంకో నాలుగు రోజుల్లో ఆషాఢం. ఆషాఢంలో పని మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. నేనే పంచాంగం చూసి శుక్రవారం పొద్దున మంచి గడియ ఉందని, బండి ముందు టెంకాయ కొట్టించి, ముందు తలుపు కూడా విప్పించేసి, ముందొక రాయి వెనకొక రాయి పెట్టి బీము అతికించేశాను. ఆ వెల్డర్ రెండోసారి కూడా చెప్పబోతే, గడియ దాటిపోతోందని కసిరాను. నడుమ ఏ ఆసరా లేక బండి బరువుకు అప్పుడే కుంగిపోయి, కుంగినట్టే అతుక్కుపోయింది. ఇదంతా నేను చెబుతుంటే శారద పక్కనే నిలబడి వింటోంది. పొద్దున నాగరాజను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

మునిరత్నం నవ్వలేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"ఇల్లు గట్టేటప్పుడు వాకిలి నిలబెట్టినాక గదా గోడ లేపేది. ముహూర్తం వాకిలికి పెట్టల్లప్పా. నువ్వు గోడకి పెట్టేసినావు."

రెండు దారులున్నాయని చెప్పాడు. ఒకటి, తలుపు ఫ్రేమునే కొట్టి వంచి, లాకు గాటు జరిపి, ఎలాగోలా పడేటట్టు చేయడం. రెండు గంటల పని, సోమవారం పాస్ అయిపోతుంది. కాకపోతే అద్దం పైకి రాదు, వాన నీళ్లు లోపలికి వస్తాయి, ఆరు నెలల్లో లాకు చేతికొస్తుంది. రెండోది, అతికించిన బీమును నడుమ కోసి, జాకీతో ఎత్తి, తలుపులు తగిలించి మళ్లీ అతికించడం. ఆదివారం సాయంత్రం దాకా పడుతుంది. కోసేటప్పుడు బీము పగిలితే కొత్తది తెప్పించాలి, అప్పుడిక సోమవారం మాట మరిచిపోవాల్సిందే.

బీము మీద చెయ్యి వేసి కూర్చున్నాను. దగ్గరుండి చేయించుకున్న పని అది. నున్నగా పుట్టీ పట్టించి, రంగు కూడా వేయించాను. మొదటి దారి పడితే బండి నా షెడ్డులోనే ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. కానీ వంకర తేల్చుకున్నాక ఆ వంకరకే తలుపును కొట్టి సర్దుకోవడం నా వల్ల కాలేదు. అమ్మ బండికి అలా చేయలేను. భయం వేసిన మాట నిజం, అయినా కొయ్యమన్నాను. తర్వాత శారద వైపు చూశాను, మాట ఇచ్చింది ఆమెకే కదా.

"సోమవారానికి కాకపోతే ఇంగో స్లాటు చూద్దాం. తుక్కుకు మాత్రం పంపించేది లేదు," అంది. తాడు పట్టుకుని పట్టుకుని ఆమె అరచెయ్యి ఎర్రగా కమిలిపోయి ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుప్పం బస్టాండు దగ్గర లాడ్జిలో తొమ్మిది వందలకు గది తీసుకున్నాం, శుభ్రంగానే ఉంది. ఆదివారం ఎనిమిదింటికే షెడ్డుకు వెళ్లిపోయాం. కటింగ్ మిషన్ నా రంగు మీద పడ్డప్పుడు లేచి రోడ్డు మీదికి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి బీము పగలకుండా తెగింది. మునిరత్నం స్తంభం కింద జాకీ పెట్టి, పావు చుట్టు తిప్పడం, ట్యూబులో నీళ్లు చూడడం, మళ్లీ పావు చుట్టు. సుద్ద గీతలు మూడూ ఒక్క వరుసకు వచ్చాక రెండు తలుపులూ తగిలించాడు. నాగరాజ ఇచ్చిన తలుపుకు కింద ఒకచోట కాస్త ఆకురాయి పెట్టాల్సి వచ్చింది, అంతే. శారదను నెట్టి చూడమన్నాడు. ఆమె ఒక్క వేలితో నెట్టింది. పడింది. అప్పుడు గాని వెల్డింగ్ వెలిగించలేదు. కూలి నాలుగున్నర వేలు తీసుకున్నాడు, రంగు మీ ఊళ్లో వేయించుకోమన్నాడు. నాలుగింటికి బయలుదేరాం, ఈసారి శారద ముందు సీట్లో కూర్చుంది. పుంగనూరులో ఆగి నాగరాజ ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని ఆయన భార్యాపిల్లల ముందే చెప్పాను. బజార్లో తిట్టినవాణ్ణి కాబట్టి చెవిలో చెబితే సరిపోదనిపించింది. ఆయన కాఫీ ఇప్పించాడు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ లైట్లు చూశాడు, బ్రేకు తొక్కి చూశాడు, హారను రెండుసార్లు కొట్టించాడు. తర్వాత చేతిలో కాగితం మీద ఏదో రాసుకుంటూ చుట్టూ నడిచి, ఎడమవైపు వెనక తలుపు తెరిచి, రాస్తూనే మోచేత్తో మూసేసి ముందుకు వెళ్లిపోయాడు. నన్ను రెండు నెలలు నిద్రపోనివ్వని తలుపు అది. ఆయన దాని వైపు చూడనైనా లేదు, పాస్ అని రాసేశాడు.

అప్పుడు అర్థమైంది, సరిగ్గా పట్టిన వస్తువు ఎవరి కంటికీ ఆనదు. పట్టనప్పుడే మనం దాన్ని తిడతాం, తెచ్చినవాణ్ణి తిడతాం. నా చేతుల మీదుగా నిలబెట్టిన చట్రాన్ని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు, ఎందుకంటే అది నేను చేయించింది. పాత బండి బాగుచేసుకునేవాళ్లకు ఒక్క మాట: కింది బీము మార్చేటప్పుడు నడుమ ఆసరా పెట్టి, తలుపులు ముందుగానే తగిలించి, అవి వేలితో పడుతున్నాయని చూసుకున్నాకే వెల్డింగ్ చేయించండి. తలుపు రావడం ఆలస్యమైతే పని ఆషాఢంలోకి జరిగినా పర్వాలేదు.