రేవు వదిలిన పంటు

లంకకీ నాగాయలంక ఒడ్డుకీ మధ్య ఇన్నేళ్లూ శోభనాద్రి నాటుపడవే దిక్కు. ధాన్యం బస్తాలైనా, పురిటి నొప్పుల మనిషైనా అందులో దాటాల్సిందే. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ గుర్తొచ్చి, ఆనక మర్చిపోయే ప్రభుత్వం ఎట్టకేలకు రెండొడ్లా సిమెంటు రేవులు కట్టి, ట్రాక్టరు కూడా ఎక్కే ఇంజను పంటు ఇచ్చింది. దాన్ని నడిపే సరంగు పని శోభనాద్రికే దక్కింది. ఆ వారమంతా ఊళ్లో అతను నేల మీద నడిస్తే ఒట్టు.

ప్రారంభం రోజున కొబ్బరికాయ కొట్టి, ఆఫీసర్లను ఎక్కించుకుని పంటు కదిలింది. చూడ్డానికి లంక జనమంతా రేవులోనే ఉన్నారు. సగం ఏరు దాటాక శోభనాద్రి గర్వంగా వెనక్కి చూశాడు. నీళ్ల అంచున, పంటు కదిలేటప్పుడు లేని మంచం ఒకటి దించి ఉంది. దాని మీద మెలికలు తిరుగుతున్నది తన కూతురు రోజా. ఇంకా నెలలు నిండలేదు. పక్కన భార్య రావమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

ఒక్కరూ కేక వెయ్యలేదు, చెయ్యి ఊపలేదు. రేవు వదిలిన పడవని వెనక నుంచి పిలవకూడదని ఆ లంకలో పసిపిల్లలకి కూడా తెలుసు. అందులోనూ తొలి ప్రయాణం. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డారో!

శోభనాద్రి పంటు తిప్పబోతే ఒక ఆఫీసరు అడ్డుపడ్డాడు. అవతల పెద్దలు దండలతో ఎదురుచూస్తున్నారనీ, మళ్లీ ట్రిప్పులో తేవచ్చనీ అన్నాడు. ఇంజను దగ్గరున్న యేసుదాసు భయం వేరు. పాటు మొదలై నీళ్లు తీస్తున్నాయి, లంక వైపు ఇసుకలో కూరుకుంటే ఇక అంతే సంగతులన్నాడు.

"నా కూతురండీ," అన్నాడు శోభనాద్రి. ఇంకేమీ అనకుండా తిప్పేశాడు.

అనుకున్నంతా అయింది. మంచం ఎక్కించేలోగా పంటు అడుగు ఇసుకలో కూరుకుంది. జనం నడుంలోతు నీళ్లలో దిగి, భుజాలాన్చి నెట్టారు. పంటు కదిలేసరికి రోజా మూలుగు ఆగిపోయింది. అవతలి ఒడ్డున ఆ ఆఫీసరే తన జీపు ఇచ్చి అవనిగడ్డ పంపించాడు.

రోజా బతికింది. బిడ్డ దక్కలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే బావుండేదంది డాక్టరమ్మ.

ఆసుపత్రి వరండాలో శోభనాద్రి భార్య మీద విరుచుకుపడ్డాడు. ఒక్క కేక వేస్తే నోరు పడిపోయేదా అని అడిగాడు.

"కొత్త పంటు గదా. వెనక నుంచి పిలిస్తే నీకేమన్నా అవుద్దని బయమేసింది," అంది రావమ్మ.

శోభనాద్రి ఆమె పక్కనే కూలబడ్డాడు. ఆమె స్థానంలో తనున్నా పిలిచేవాడు కాదని అతనికి తెలుసు.