మూడో రోజు ఫోను

అరుణ పటాన్‌చెరులోని ఒక ఆస్పత్రిలో నర్సు. ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి మిషన్ల ముందు నిలబడి, కాళ్ల నరాలు ఉబ్బి మెలికలు తిరిగినవాళ్లే అక్కడికి ఎక్కువగా వస్తారు. పెద్ద కోత ఉండదు. సన్నని తీగను నరంలోకి పంపి, లేజరుతో దాన్ని మూసేస్తారు. పొద్దున వచ్చిన మనిషి సాయంత్రానికి నడిచి ఇంటికి పోతాడు. మూడో రోజు ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోవడం అరుణ పని.

కిష్టారెడ్డిపేట వీర్రాజుకీ అలాగే ఫోన్ చేసింది. గోదావరి వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసిన మనిషి. చీలమండ దగ్గర మానని పుండు. ఆపరేషనంటే జంకుతుంటే అతన్ని ఒప్పించింది కూడా అరుణే.

"పిక్క రాయిలా బిగుసుకుపోయిందమ్మా. మెట్లెక్కితే ఆయాసం కూడా వస్తోంది" అన్నాడు ఫోన్లో.

ఆ పూట ఆమె ఇంకా పన్నెండు మందితో మాట్లాడాలి. "గట్లనే ఉంటది సార్. కాలికేసిన బిగుతు సాక్సు విప్పకుండ్రి. జెర నడువుండ్రి, తగ్గుతది" అంది. రిజిస్టర్‌లో 'నొప్పి మామూలే' అని రాసింది. ఆయాసం సంగతి రాయలేదు.

రెండు రోజులకు వీర్రాజు చనిపోయాడు. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందట.

"చానా అరుదుగ అయితది అరుణా. నీ తప్పేం లేదు" అన్నాడు డాక్టర్ హరినాథ్, రిజిస్టర్ చూసి.

ఆమె తల ఊపింది. కానీ ఆ రోజు నుంచి ఎవరికి ఫోన్ చేసినా, అవతలివాళ్లు "హలో" అనేలోపు ఒక ఎగశ్వాస వినబడేది. షేర్ ఆటోలో పక్కన ఎవరైనా గట్టిగా ఊపిరి తీస్తే మధ్యలోనే దిగిపోయేది. మూడు వారాలు భరించి, హరినాథ్ గదిలోకి వెళ్లింది.

"సార్, ఆయాసమొస్తుందని నాతోని చెప్పిండు. నేను రాయలే."

హరినాథ్ రిజిస్టర్‌లో ఆ పేజీ తీసి మళ్లీ చదివాడు. "వాళ్లింట్ల చెప్పాలె. నేనూ వస్త" అన్నాడు.

వీర్రాజు ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. భార్య వీరలక్ష్మి అంతా విని, గోడకేసి చూస్తూ చెప్పింది: "ఫోను పెట్టేశాక భయం పోయి నవ్వారమ్మా. నడవమన్నారంటూ ఈ మెట్లు రెండుసార్లు దిగి ఎక్కారు. రెండోసారి సగంలో కూర్చుండిపోయారు."

అరుణ గుమ్మం బయటి మెట్ల వైపు చూసింది.

"తలరాత అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఎవర్ని అనుకోమంటావు?" అంటూ వీరలక్ష్మి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

దిగుతుంటే అరుణకు తన వెనకే ఎవరో ఎక్కుతూ, ఆగుతూ ఉన్నట్టు అనిపించింది. తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత హరినాథ్ పద్ధతి మార్చాడు. పిక్క వాచినా, ఊపిరి అందకపోయినా ఆ గంటలోనే స్కానింగ్‌కు రావాలన్నాడు. ఫోన్ల పని ఇంకొకరికి ఇస్తానంటే అరుణ ఒప్పుకోలేదు.

వానాకాలంలో బొంతపల్లి ఇందిరమ్మకు ఫోన్ చేసింది. మందుల కంపెనీ ప్యాకింగ్‌లో నిలబడి పనిచేసే మనిషి.

"మంచిగనే ఉన్న బిడ్డా" అంది ఇందిరమ్మ. కానీ ఆ మూడు మాటల మధ్య రెండుసార్లు ఆగింది.

"ఊపిరి ఆడుతలేదా అమ్మా?"

"గదేం లేదు. నీళ్లు మోసుకొచ్చిన."

"బిందె ఆడ పెట్టు. ఒక్క అడుగు ఎయ్యకు. అంబులెన్స్ పంపుతున్న."

స్కానింగ్‌లో కాలి లోపలి నరంలో గడ్డ కనిపించింది. చిన్న ముక్క అప్పటికే ఊపిరితిత్తికి చేరింది. నెత్తురు పలచబడే మందులతో ఇందిరమ్మ బతికింది. నెల తర్వాత తన కాళ్ల మీదే నడిచొచ్చి, అరుణ చేతులు పట్టుకుంది.

"దేవుడోలె అడిగినవ్ బిడ్డా."

ఆ మాట వినలేకపోయింది అరుణ. మెల్లగా చేతులు విడిపించుకుని పక్కగదిలోకి వెళ్లి, గోడకు ఆనుకుని నిలబడింది.